రెండు కళ్ళూ తెరిచి చూడాలట

3-2-1976, మంగళవారం

ఈ డైరీ తూటాల కంపెనీ వాళ్ళు షాపుకు ఇచ్చింది. రెండు వస్తే రామలింగంగారు ఒకటి మా ఆయనకు ఇచ్చారు. ఆయన తెచ్చి నా ఒళ్ళో పడేసి, అయిదో క్లాసు దాకా చదివావు గదా, ఏదన్నా రాసుకో, అన్నారు. జనవరి కాగితాలన్నీ ఖాళీ. ఉండనీ అనుకున్నాను. జరిగిపోయినవి ఇప్పుడు కూర్చుని రాస్తే లేనివి కలుస్తాయి.

ఆయన పేరు ఆమోసు. రాయడానికే సిగ్గేసింది. నా పేరు మార్త. మాది పామర్రు. పెళ్ళయి పద్నాలుగు నెలలు. వన్ టౌనులో కొండ మీద, నలభై రెండు మెట్లెక్కితే, హనుమాయమ్మగారి ఇంట్లో ఒక వాటా మాది. వాళ్ళది చీరల వ్యాపారం. ఆయన రామలింగంగారి తుపాకుల షాపులో రిపేర్లు చేస్తారు. మా మామగారు కూడా అదే బల్ల దగ్గర కూర్చుని చేసేవారట. నేను ఆయన్ని చూడలేదు.

ఎవరన్నా చదివితే ఏమనుకుంటారో. బియ్యం డబ్బా వెనక పెడతాను.

4-2-76

ఏమీ లేదు. పప్పు మాడింది.

6-2-76, శుక్రవారం

కంకిపాడు రత్తయ్యగారి రైఫిలు షాపుకు వచ్చిందట. ఆయన చొక్కా కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టారు. డబల్ రైఫిలు, అంటే రెండు గొట్టాలది. రత్తయ్యగారి నాన్నగారు ఎవరో దొర దగ్గర కొన్నది. మామూలు తుపాకిలో రవ్వలు పోస్తారు, దీన్లో గొట్టానికొక గుండు. ఏనుగు కూడా నిలవదు అన్నారు. ఇక్కడ ఏనుగులు ఎక్కడున్నాయండీ అన్నాను. నవ్వారు. ఆయన నవ్వితే నాకు భలే ధైర్యం వస్తుంది.

రెండు గొట్టాలూ తిన్నగా ఉన్నాయని అనుకుంటాం గానీ కాదట. వంటింట్లోంచి రెండు మునక్కాయలు తెచ్చి పక్కపక్కన పట్టుకుని చూపించారు. ముందుకు పోయేకొద్దీ కాస్త లోపలికి ఒరగాలి. అప్పుడే ఎనభై గజాల దూరంలో రెండు గుళ్ళూ ఒకేచోట తగులుతాయి. ఆ ఒరుగు ఎంతన్నది ఒక్కో రైఫిలుకు ఒక్కో రకం. కాల్చి చూసి, కాల్చి చూసి, తగరంతో అతికిస్తారట. ఎక్కువ వేడి తగిలిందంటే తగరం కరిగి గొట్టాలు ఎటు చూస్తాయో దేవుడికే తెలియాలి అన్నారు. తరవాత ఆ మునక్కాయలే పులుసులో వేశాను.

రత్తయ్యగారికి అరవై ఎనిమిదేళ్ళు. చత్వారం. తుపాకి వెనకవైపు ఉండే గాడీ, ముందువైపు ఉండే పూసా, ఎదురుగా జంతువూ, మూడూ ఒక్కసారి కనబడాలి. ఆయనకు ఒకటి కనబడితే రెండోది అలుక్కుపోతోందట. కిందటేడు ఏటి లంకలో చెరుకుతోటలోకి అడవిపందులు దిగి ఆయన పాలేరు తొడ చీల్చాయి. కాల్చడానికి పర్మిషను వచ్చింది. కాల్చే కన్ను లేదు. ఆయన అల్లుడు ఓడ మీద ఇంజనీరు. అక్కడెక్కడో కొత్తగా వచ్చాయని, గురి చూసే ఎర్ర చుక్క సైట్లు రెండు రకాలు తెచ్చాడు. గాడీ వద్దు, పూసా వద్దు. ఒక ఎర్ర చుక్క కనబడుతుంది, అది ఎక్కడ ఉంటే గుండు అక్కడికి. రెండింట్లో ఏది మంచిదో చూసి, రైఫిలు పాడవకుండా బిగించమని రత్తయ్యగారు మా ఆయన్నే అడిగారట. రామలింగంగారిని కాదు, మా ఆయన్ని. అది రెండుసార్లు చెప్పారు.

మా ఆయనకు ఎడమ కంట్లో మళ్ళీ నీరు కారుతోంది. క్రిస్మస్ అయిన వారానికి ఏదో సీల కొడుతుంటే ఇనప రజను పడింది. రెండు రోజులు ఎర్రగా ఉండి తగ్గింది. డాక్టరు దగ్గరికి పోదామండీ అంటే, నలుసుకు డాక్టరేమిటే, షాపులో నవ్వుతారు, అన్నారు.

8-2-76, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు

గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఆయన సంచిలోంచి ఒక సైటు తీశారు. తుపాకి ఇంటికి తేవడానికి లేదు. ఇది తుపాకి కాదు గనక తెచ్చారట. నల్లగా, పొట్టిగా, మందు సీసా అంత ఉంది. ఒక వైపు కన్ను పెట్టాలి. రెండో వైపు మూసేసి ఉంది.

రెండోది షాపులోనే ఉంది. అది దుర్భిణీలాగా అద్దం ఉన్నది, అవతలిది కనబడుతుంది, బ్యాటరీ వేస్తే చుక్క వెలుగుతుంది. బరువు. ఈ నల్లదానికి బ్యాటరీ అక్కర్లేదు, పైనుంచి పడే వెలుతురుకే చుక్క కనబడుతుంది. తేలిక. అయితే అవతలిది కనబడదు. కుడికన్ను దీన్లో పెడితే చీకట్లో చుక్క ఒక్కటే. ఎడమకన్ను బయట లోకాన్ని చూస్తుంది. మనసు ఆ రెంటినీ కలిపి చుక్కని లోకం మీద పెడుతుంది. రెండు కళ్ళూ తెరిచి చూడాలట. అల్లుడు అలా చెప్పాడట. తుపాకి పట్టినవాడు ఎడమకన్ను మూస్తాడు, మా నాన్నా అంతే, నేనూ అంతే, ఇదేం చోద్యమే, అన్నారు.

రెండు కళ్ళూ తెరిచి చాలాసేపు చూశారు. గుమ్మంలోంచి చూశారు, వసారాలోంచి చూశారు. కిందికి దించి తుడిచి మళ్ళీ చూశారు. చుక్క ఉంది, దాని చుట్టూ చీకటే, దీన్లో ఏదో లోపం ఉంది, అన్నారు. నువ్వు చూడు అని నా చేతిలో పెట్టారు.

నేను చూశాను. ఎర్ర చుక్క వెళ్ళి హనుమాయమ్మగారి డాబా మీద గుమ్మడి వడియాల చాప మీద కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. కాస్త కదిపితే పిట్టగోడ మీద కాకి వీపు మీదికి పోయింది. కాకికి తెలియదు. ఎంత బాగుందో.

చీకటే గదా, అన్నారు ఆయన.

నేను దించి ఆయన మొహం చూశాను. అవునండీ, చీకటే, అన్నాను.

ఆయన మొహం తేటపడింది. చూశావా, నీకూ అంతే, అన్నారు. పొద్దున మిగిలిన పెరుగన్నం ఉంటే అదీ తిన్నారు.

నాకు కనబడిందని ఎలా అంటాను. తుపాకుల మధ్య పుట్టిన మనిషికి కనబడనిది నాకు కనబడిందంటే అది నా చూపులోని తప్పే అయ్యుండాలి. చూడ్డం చేతకాక అలా కనబడి ఉంటుంది. అయినా ఇక్కడ నిజమే రాయాలి. కాకి కనబడింది.

9-2-76

నల్ల సైటు పాడైపోయిందని రామలింగంగారికి చెప్పేశారట. ఇంట్లో కూడా చూసింది అని చెప్పారట. ఇంట్లో అంటే నేను.

13-2-76, శుక్రవారం

అద్దం సైటే ఖాయం చేశారు. గొట్టాల మధ్య పట్టీకి చిల్లు పెట్టకుండా, వేడి తగలకుండా, ఉక్కుతో రెండు బిగింపులు చేసి పట్టించాలి. ఆకురాయితో ముట్టి, చూసి, మళ్ళీ ముట్టి చెయ్యాలి. వెంట్రుక మందం ఎక్కువైనా కుదరదట. మొదటి బిగింపు రెండుసార్లు పాడయిందని చెప్పారు. ఆయన చేతిలో పని పాడవడం నేను ఇంతవరకూ వినలేదు. చేతులకేసి చూసుకుంటూ, ఈ మధ్య దూరం తెలియడం లేదే, ఆకురాయి ఇక్కడుందనుకుంటే అక్కడుంటోంది, అన్నారు. నిద్ర చాలక అని ఆయనే అన్నారు.

17-2-76

హనుమాయమ్మగారు నీళ్ళ దగ్గర పట్టుకుంది. ఏమ్మాయ్ మార్తా, మీ ఆయన రోజూ ఎడం భుజంతో మా గుమ్మాన్ని పలకరించి మరీ పోతున్నాడు, గుమ్మం ఏమన్నా వరసవుతుందా, లేకపోతే పొద్దున్నే వేసుకొస్తున్నాడా, అంది. అందరూ నవ్వారు. మా ఆయన ముట్టరండీ అన్నాను. తాగనివాడికి గుమ్మం కనబడాలిగా అంది. నవ్వుతూనే అంది. నాకు బిందె బరువు తెలియలేదు.

చుక్క సంగతి చెప్పేయాలి. సాయంత్రం చెప్పాలి.

సాయంత్రం

చెప్పలేదు. బిగింపు కుదిరిందని సంతోషంగా వచ్చారు.

24-2-76

నాలుగు రోజులు పామర్రులో ఉండి వచ్చాను. అమ్మకు జ్వరం. తగ్గింది. అమ్మ పేరు సంపూర్ణమ్మ. అమ్మ కాళ్ళు పడుతూ అడిగాను. నీకు ఒకటి కనబడి, నాన్నకు వేరేది కనబడితే ఏం చేసేదానివమ్మా అని. అమ్మ పడుకునే నవ్వింది. మీ నాన్న మబ్బు పట్టినా ఎండ కాస్తోంది అంటే నేను వడ్లు ఎండబోశానే, తడిశాక ఎత్తాను, ఎత్తుతుంటే ఆయనే సాయం పట్టారు, కాపరం అంటే అదే, అంది. నాక్కాస్త నెమ్మది కలిగింది. వడ్లే గదా అని మాత్రం బస్సులో అనిపించింది.

2-3-76, మంగళవారం

కుడికన్ను ఎర్రబడింది. ఎడమది కాదు, కుడిది. వెలుతురు చూడలేక కిటికీ రెక్క వేసుకుంటున్నారు. రెండు రోజులుగా తలనొప్పి. హనుమాయమ్మగారు వాళ్ళ పెరట్లో నందివర్ధనం పూలు కోసి ఇచ్చింది. మొన్న అలా అన్నానని ఏమీ అనుకోకమ్మాయ్ అంది. తడిపి కళ్ళ మీద వేశాను. చల్లగా ఉందే అన్నారు. రజను పడ్డది ఎడమ కంట్లో అయితే కుడిదానికేం వచ్చింది. ఎండ దెబ్బ అని ఆయన అంటున్నారు. మార్చి రెండున ఎండ దెబ్బా.

5-3-76, శుక్రవారం

ఇవాళ కంకిపాడు అవతల రత్తయ్యగారి తోటలో రైఫిలు కాల్చి చూశారు. ఎనభై గజాల దూరంలో మట్టి దిబ్బ, దాని మీద కాగితం. మొదట మా ఆయన రెండు గొట్టాలూ పేల్చారు. రెండు చిల్లులూ ఒకదానికొకటి ఆనుకుని పడ్డాయట. అది చెప్పినప్పుడు ఒక్క క్షణం పాత మనిషిలా ఉన్నారు. తరవాత రత్తయ్యగారు పేల్చారు. నాలుగో దెబ్బకు అద్దం సైటులో చుక్క ఆరిపోయింది. ఆ రైఫిలు తోపుకు లోపల తీగ ఊడిపోయిందట. అలాంటి సైటు ఇక్కడ ఎవరూ బాగు చెయ్యలేరు, ఆ బ్యాటరీ కూడా దొరకదు.

రత్తయ్యగారు కోప్పడలేదట. పోనీలేవోయ్, నా కన్నే ఆరిపోయింది, దాని కన్ను ఆరితే దాని తప్పా, అన్నారట. ఆ రెండోది తీసి ఉంచు, రేపు షాపుకొచ్చి చూస్తాను, అన్నారట. అది పాడైందండీ అని మా ఆయన చెప్పారట.

ఇవాళ చెప్పెయ్యాల్సింది. అన్నం పెడుతూ నోరు తెరిచాను కూడా. ఉప్పు వెయ్యనా అన్నాను.

6-3-76, శనివారం, సాయంత్రం అయిదు

రామలింగంగారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రాలేదు. మెట్లెక్కి రొప్పుతున్నారు. ఆయన ఎక్కడండీ అంటే, షాపులో రత్తయ్యగారి దగ్గర కూర్చున్నాడు, నేనే ముందొచ్చానమ్మా, అన్నారు. మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని తాగకుండా చెప్పారు.

రత్తయ్యగారు నల్ల సైటు తీసుకుని కన్ను పెట్టారట. గోడ మీద గడియారం వైపు తిరిగి, ఇదేమిటోయ్, చుక్క శుభ్రంగా పన్నెండు అంకె మీద కూర్చుంది, దీనికేం రోగం, అన్నారట. రామలింగంగారు చూస్తే ఆయనకూ కూర్చుంది. ఆమోసూ నువ్వు చూడు అన్నారట. మా ఆయన చూసి, చీకటేనండీ, అన్నారు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏమోయ్, ఎడమకన్ను తెరిచే ఉంచావా, అని రత్తయ్యగారు అడిగితే, తెరిచే ఉందండీ, అన్నారట. అప్పుడు రామలింగంగారు లేచి అరచేత్తో ఆయన కుడికన్ను మూశారు. మూసి, ఇక్కడ ఎవరున్నారు చెప్పు ఆమోసూ, అన్నారు.

ఆయన చెయ్యి చాచి గాలిలో వెతికారట.

ఎన్నాళ్ళయిందమ్మా అని రామలింగంగారు నన్ను అడిగారు. తుపాకి పనివాడు ఎటూ ఎడమకన్ను మూసే చూస్తాడు, అందుకే మా ఎవరికీ తెలియలేదు, వాడికే తెలియనట్టుంది, ఇంట్లో కూడా చీకటే కనబడిందన్నాడు, నువ్వు చూశావటగా, అన్నారు.

తలుపు వెనక ఉండే మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

8-3-76, సోమవారం

కంటి ఆసుపత్రి. ఎడమ కంట్లో రజను ఇంకా లోపలే ఉంది. తుప్పు పట్టింది. ఆ కంటికి చూపు పోయి చాలా రోజులయింది. అదొక్కటే అయితే ఫరవాలేదు అన్నారు డాక్టరుగారు. ఒక కన్ను అలా చెడిపోయి ఉంటే రెండో కన్ను దానికి తోడు ఏడుస్తుందమ్మా, కుడిదానికి మొదలైంది, అన్నారు. ఎడమది తీసేసి, కుడిదానికి ఇంజక్షన్లు ఇస్తారు. నిలబడుతుందా అని రామలింగంగారు అడిగారు. చూద్దాం అన్నారు.

తరవాత నా వైపు తిరిగి, ఒక్క నెల ముందు తెచ్చి ఉంటే కుడిదాని జోలికి వచ్చేది కాదు, అన్నారు. కోపంగా కాదు. చీటీ రాసుకుంటూ అన్నారు.

ఇవాళ మార్చి ఎనిమిది. ఆ ఆదివారం ఫిబ్రవరి ఎనిమిది.

10-3-76

తీసేశారు.

15-3-76

వార్డులో మంచం పక్కనే చాప వేసుకుంటున్నాను. డైరీ రవికెల సంచిలో అడుగున ఉంది. ఆయన రెండు కళ్ళకూ కట్టు కట్టారు గనక ఎదురుగా కూర్చుని రాయొచ్చు. ఏం గీస్తున్నావే అన్నారు. ఉత్తరం అన్నాను. అది కూడా అబద్ధమే.

21-3-76, ఆదివారం

చెప్పేశాను.

పక్క మంచం ముసలాయన్ని స్నానానికి తీసుకుపోయారు. ఎవరూ లేరు. నాకు కనబడిందండీ అన్నాను. ఏమిటే అన్నారు. ఆ రోజు చుక్క నాకు కనబడింది, వడియాల మీద కూర్చుంది, కాకి మీద కూర్చుంది, మీరు చీకటి అన్నారని చీకటి అన్నాను, అన్నాను. అప్పుడే చెప్పి ఉంటే నెల కలిసొచ్చేదండీ అన్నాను. ఏడవకూడదనుకున్నాను, కుదరలేదు.

కట్టు ఉంది గనక ఏమనుకుంటున్నారో తెలియదు. కొడితే బాగుండును అనిపించింది. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు.

తరవాత, ఏం కనబడింది అని నేను అడగలేదు గదే, చీకటే గదా అని అడిగాను, అన్నారు. నాకప్పటికే భయంగా ఉందే మార్తా, నువ్వు అవునంటే చాలుననిపించింది, అన్నారు. మళ్ళీ ఆయనే, కాకి మీద కూర్చుందా, అన్నారు. కూర్చుందండీ అన్నాను. కాకి ఏం చేసింది అన్నారు. దానికి తెలియదండీ అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నానికి పిలిస్తే లేచారు. కోపం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

29-3-76

కుడికంటి కట్టు విప్పారు. మసకగా కనబడుతోందట. నా చీర రంగు చెప్పారు. ఆకుపచ్చ అన్నారు. ఆకుపచ్చే. ఆ ఒక్క మాటకు లోపల్లోపల స్తోత్రం చెప్పుకున్నాను.

2-4-76, శుక్రవారం

రత్తయ్యగారు చూడ్డానికి వచ్చారు. కర్ర పొడుచుకుంటూ, అరటిపళ్ళు పట్టుకుని. ఎటూ మూసుకునే కన్నేగదటోయ్ అది, పోతే పోయింది, కుడిది చాలు, అన్నారు. మా ఆయన కూడా నవ్వారు. వార్డంతా విన్నది. రైఫిలు ఎవరి చేతికీ ఇవ్వలేదట. గుంటూరు నుంచి ఒకతను వచ్చి నల్ల సైటు పెడతానన్నాడు, గొట్టాల పట్టీకి చిల్లు పెడతానంటే వద్దన్నాను, నీ చెయ్యి పడితేనే, పందులు అంతదాకా తింటే తిననీ, అన్నారు.

రామలింగంగారు కూడా వచ్చారు. ఆయన మాట వేరు. లైసెన్సు ఆఫీసు వాళ్ళు షాపు చూడ్డానికి వస్తారు, చూపు లేనివాడి చేత తుపాకులు బాగు చేయిస్తున్నావని అంటే నా షాపు మూస్తారు, కుడికన్ను బాగుందని డాక్టరు కాగితం ఇస్తే రేపే వచ్చి నీ బల్ల దగ్గర కూర్చో, మీ నాన్న కూర్చున్న బల్ల, ఇంకొకణ్ణి కూర్చోబెట్టను, అన్నారు. కాగితం లేకపోతే ఏమిటన్నది అనలేదు. అరటిపళ్ళు వలిచి మా ఆయన చేతికి అందించి వెళ్ళారు.

ఆయన అప్పటి నుంచీ వేళ్ళతో దుప్పటి అంచు ముడుస్తున్నారు, విప్పుతున్నారు. బిగింపు కొలత చూసుకుంటున్నట్టు.

9-4-76

చీర రంగు అడిగితే ఆకుపచ్చ అన్నారు. ఎర్ర చీర కట్టుకున్నాను. అవునండీ అనలేదు. కాదండీ అని కూడా అనలేకపోయాను. మజ్జిగ తెస్తానని బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

12-4-76, సోమవారం

డాక్టరుగారు ఎల్లుండి పెద్ద టెస్టు చేస్తామన్నారు. చూపు నిలబడి ఉంటే ఇంజక్షన్లు ఆపేసి, కాగితం ఇచ్చి ఇంటికి పంపుతారు. తగ్గి ఉంటే ఇంకో నెల వార్డులో ఉంచి మందు పెంచుతారు. ఈ మందు ఊరికే ఇచ్చేది కాదు, ఒంట్లో వేరే తిప్పలు తెస్తుంది, అవసరమైతేనే ఇవ్వాలి, అందుకని సరిగ్గా చెప్పమనండి, అని నాతో అన్నారు. ఆపకూడనప్పుడు ఆపితే ఉన్న వెలుతురు కూడా పోతుంది. అది ఆయనతో అనలేదు. వరండాలో నాతో అన్నారు.

నేను వచ్చి ఆయనకు అంతా చెప్పాను. అంతా. ఒక్క మాట మింగలేదు.

ఆయన వినేసి, దగ్గరికి రమ్మన్నారు. గొంతు తగ్గించి చెప్పారు. టెస్టు అప్పుడు నువ్వు పక్కన నిలబడతావు గదా, నా చెయ్యి పట్టుకో, డాక్టరుగారు ఎన్ని వేళ్ళు చూపిస్తే అన్నిసార్లు నొక్కు, మెల్లిగా, ఎవరికీ తెలియదు. కాగితం వచ్చేస్తుంది. బల్ల దగ్గర కూర్చుంటే చేతులకే తెలుసు పని, కన్నుతో పనేముంది, ఆకురాయి నా చేతిలోనే పుట్టింది. షాపుకు పోతుంటే అదే తగ్గిపోతుంది. ఇంకో నెల ఇక్కడే ఉంటే రామలింగంగారు మటుకు ఎన్నాళ్ళు ఆగుతారు. ఇలా చెప్పుకుంటూ పోయారు. ఇన్ని మాటలు ఆయన పెళ్ళయ్యాక ఎప్పుడూ మాట్లాడలేదు.

మందు ఆపితే ఉన్నది కూడా పోతుందటండీ, అన్నాను.

నువ్వు నొక్కు చాలు, అన్నారు.

నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే ఆయన లెక్క. ఇన్నాళ్ళూ అంతే గదా. నా చెయ్యి తీసుకుని, బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూపించి, రెండు, ఇలాగ, అన్నారు.

13-4-76, మంగళవారం

ఇవాళ మూడుసార్లు గుర్తు చేశారు. మూడోసారి, బతిమాలుతున్నానే, అన్నారు. ఆయన నన్ను బతిమాలడం.

పక్క మంచం ముసలాయన నన్ను చూసి, ఏం తల్లీ, నీకూ కళ్ళ జబ్బేనా, ఎర్రగా ఉన్నాయి, అన్నాడు.

14-4-76, బుధవారం

మూడు వేళ్ళు.

ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. నేను నొక్కలేదు. డాక్టరుగారు ఇంకోసారి అడిగారు. ఆయన నా వేళ్ళను గట్టిగా పట్టుకున్నారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. నేను చెయ్యి వదల్లేదు. నొక్కలేదు.



తెలియడం లేదండీ, అన్నారు ఆయన.